హైదరాబాద్‌లో 48, దర్శిలో 90: ఓటరును బూత్ దాకా తెచ్చేదేమిటి, బటన్ నొక్కించేదేమిటి?

మీ సొంత ఓటు సంగతి చివర చెబుతాను, అది కాక మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. 2024 మే 13న ఒకే రోజు పోలింగ్ జరిగితే హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 48 శాతం చిల్లరే ఎందుకు పడింది, ప్రకాశం జిల్లా దర్శిలో 90 శాతం ఎలా దాటింది, చదువుకున్నవాళ్ళకే బాధ్యత లేదా అన్నది మొదటిది. వచ్చినవాళ్ళు పార్టీని దేన్ని చూసి ఎంచుకుంటారు, కులమా, డబ్బా, పథకాలా, నాయకుడా అన్నది రెండోది.

నేను ప్రభుత్వ బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. 1989 నుంచి 2024 దాకా ఎన్నికల డ్యూటీ దాదాపు తప్పలేదు. మొదట్లో వేలికి సిరా పెట్టే పోలింగ్ అధికారిగా, తర్వాత ప్రిసైడింగ్ ఆఫీసరుగా పనిచేశాను. మధ్యలో కొన్నేళ్ళు బీఎల్‌ఓగా, అంటే ఓటర్ల జాబితా సరిచూసే బూత్ స్థాయి అధికారిగా, ఇంటింటికీ తిరిగాను. లోపల ఎవరు ఏ బటన్ నొక్కారో మాకు తెలియదు, తెలియకూడదు కూడా. ఎవరు వచ్చారు, ఎవరిని వెంటబెట్టుకుని వచ్చారు, ఎవరు రాలేదు అన్నది మాత్రం పొద్దుటి నుంచి రాత్రి దాకా కళ్ళముందే జరుగుతుంది. అందుకే మొదటి ప్రశ్నకు ఎక్కువగా చూసింది చెబుతాను. రెండోదానికి ఫలితాల లెక్కలు చూసి నాకు అర్థమైంది చెబుతాను.

ముందు ఆ శాతం ఎలా వస్తుందో చూడండి. పోలైన ఓట్లను జాబితాలో ఉన్న పేర్లతో భాగిస్తారు, ఊళ్ళో ఉన్న మనుషులతో కాదు. ఒక బూత్ జాబితాలో 1000 పేర్లున్నాయనుకోండి. అందులో 200 మంది చనిపోయినవాళ్ళో, ఇల్లు మారినవాళ్ళో, రెండుసార్లు ఎక్కినవాళ్ళో అయితే నిజంగా ఉన్నది 800 మంది. వాళ్ళలో 600 మంది వచ్చి వేస్తే అసలు లెక్క 75 శాతం, పేపర్లో పడేది 60 శాతం.

ఈ తేడా పల్లెకీ పట్నానికీ ఒకేలా ఉండదు. పల్లెలో బీఎల్‌ఓ చాలాచోట్ల అంగన్‌వాడీ టీచరే. ఏ ఇంట్లో ఎవరు పోయారో, ఏ పిల్ల పెళ్ళయి అత్తగారింటికి వెళ్ళిందో ఆమెకు జాబితా చూడకుండానే తెలుసు. నేను ఒంగోలులో బీఎల్‌ఓగా తిరిగినప్పుడు నా పరిస్థితి వేరు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరులో సంతకం పెట్టించుకుని, ఏ ఫ్లాటు, ఎవరు పిలిచారు అని అడిగేవాడు. జాబితాలో పేరున్నవాళ్ళు ఆ ఫ్లాటు ఖాళీ చేసి మూడేళ్ళయి ఉంటుంది. వాళ్ళ తర్వాత ఇద్దరు మారి ఉంటారు. ఇప్పుడున్నవాళ్ళ ఓటు వాళ్ళ సొంతూళ్ళో ఉంటుంది. పేరు తీసేయాలంటే ఫారం 7, నోటీసు, విచారణ ఉంటాయి. అవేవీ లేకుండా తీసేస్తే రేపు ఆ మనిషి వచ్చి నా ఓటేదని నిలదీస్తాడు. కాబట్టి పేరు అలాగే ఉండిపోతుంది. ఒంగోలులోనే ఇలా ఉంటే హైదరాబాద్ సంగతి ఊహించుకోండి.

అయితే జాబితా ఒక్కటే కారణం అనడానికి లేదు. నిజంగా ఊళ్ళో ఉండి, పేరు ఉండి, రాని వాళ్ళు పట్నంలో ఎక్కువే. ఎందుకో చెప్పాలంటే 2024 ఎన్నికల రాత్రి సంగతి చెప్పాలి.

2024లో నా డ్యూటీ మా జిల్లా పడమటి వైపు ఒక పల్లెలో పడింది. వర్షం మీద ఆధారపడే నేలలు. సగం ఇళ్ళకు తాళాలుంటాయి, జనం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూలికీ మేస్త్రీ పనికీ ఉంటారు. సాయంత్రం ఆరు గంటలకు గేటు వేయించేసరికి ఆవరణలో ఇంకా నూట నలభై మంది దాకా ఉన్నారు. ఆరు దాటాక వచ్చిన మనిషి మధ్యలో దూరకుండా మేం నంబర్లు వేసి సంతకం చేసిన చీటీలు ఇస్తాం. వాటిని వరస చివరి మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకు పంచుతూ రావాలి. అలా తోకలో ఉన్న మొదటి చీటీ అందుకున్నవాడు ఒక తాపీమేస్త్రీ. మియాపూర్‌లో పని. ముందురోజు రాత్రి బస్సులో చోటు దొరక్క తెల్లారి ఎక్కాడట, దారిలో టోల్‌గేటు దగ్గర గంటల తరబడి ఆగిపోయాడట. చంకలో నిద్రపోతున్న పాప, పక్కన భార్య. ఇంత కష్టపడి ఎందుకొచ్చావయ్యా అంటే, "వెయ్యకపోతే ఊళ్ళో మనం లేనట్టే గదా సార్" అన్నాడు. ఆయన లోపలికి వచ్చి సిరా పెట్టించుకునేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఆ రాత్రి రాష్ట్రంలో కొన్ని బూత్‌లలో అర్ధరాత్రి దాటాక కూడా పోలింగ్ నడిచింది. చివరకు రాష్ట్రం మొత్తం మీద పోస్టల్ ఓట్లతో కలిపి 81.86 శాతం వచ్చింది. దర్శి నియోజకవర్గంలో 90.91.

ఆ మేస్త్రీ మాట నాకు చాలా విషయాలు విప్పి చెప్పింది. పల్లెలో ఓటు వేయడం అంటే తను ఆ ఊరివాణ్ణే అని అందరి ముందూ చెప్పుకోవడం. రేషన్ కార్డు, పొలం కాగితం, వచ్చే పెళ్ళికి పిలుపు, అన్నీ ఆ గుర్తింపుకే కట్టి ఉంటాయి. పైగా పొద్దున్నుంచి ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. పార్టీల ఏజెంట్ల చేతిలో జాబితా ఉంటుంది, వేసినవాళ్ళ పేరు పక్కన టిక్కు పెడుతుంటారు. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఎవరు రాలేదో రెండు పార్టీలకూ తెలుసు. అప్పుడు బండి వేసుకుని ఇంటికి వెళతారు. ముసలామెను కుర్చీలో మోసుకొస్తారు. హైదరాబాద్‌లో ఉన్నవాడికి ఫోన్ చేసి ఎక్కడున్నావురా అంటారు. ఓటరును బండెక్కించి తేవడం నిబంధన ప్రకారం తప్పే, కానీ ఊరూరా జరిగేదే. గచ్చిబౌలిలో పద్నాలుగో అంతస్తులో ఉన్న మీకు ఆ రోజు ఎవరైనా ఫోన్ చేశారా? మీ పక్క ఫ్లాటు వాళ్ళు వేశారో లేదో మీకు తెలుసా? అక్కడ ఓటు వేయకపోతే అడిగేవాళ్ళు లేరు, వేస్తే చూసేవాళ్ళు లేరు. ఇంత చదువుకుని బద్ధకం ఏమిటని తిట్టడం తేలిక. నా మటుకు నేను చదువు కన్నా పిలుపే పెద్ద కారణం అంటాను. అదే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఓటు సొంతూళ్ళో ఉంటే అమ్మ ఫోన్ చేస్తే బస్సెక్కి వస్తున్నాడు గదా. 2024లో మే 11 రెండో శనివారం, 12 ఆదివారం, 13 సోమవారం పోలింగ్. హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మొత్తం అలా వచ్చినవాళ్ళతోనే నిండిపోయింది.

హైదరాబాద్ అంటే ఐటీవాళ్ళొక్కరే కూడా కాదు. 2023 నవంబరు అసెంబ్లీ ఎన్నికల్లో తెలంగాణ మొత్తం మీద అతి తక్కువ పోలింగ్ పాతబస్తీలోని యాకుత్‌పురాలో నమోదైంది, 40 శాతం కూడా రాలేదు. అక్కడున్నది ఎక్కువగా పేద, మధ్యతరగతి జనం. కాబట్టి "డబ్బున్నవాడు రాడు, పేదవాడు వస్తాడు" అన్న సూత్రం పట్నంలో పూర్తిగా పనిచేయదు. అక్కడ ఇంకో కారణం ఉంది. హైదరాబాద్ లోక్‌సభ స్థానం 1984 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. ఫలితం ముందే తెలిసిపోయిందనుకుంటే అటువాళ్ళకూ తొందర ఉండదు, ఇటువాళ్ళకూ ఆశ ఉండదు. దర్శిలో 2024 అసెంబ్లీ ఫలితం రెండున్నర వేల ఓట్ల లోపు తేడాతో తేలింది. అలాంటిచోట ప్రతి ఇంటి తలుపూ నాలుగుసార్లు తడతారు.

లోక్‌సభకు ఒక్కదానికే ఎన్నిక పెడితే ఈ తలుపు తట్టేవాళ్ళు తగ్గిపోతారు. ఇది నా అనుభవంలో స్పష్టంగా చూశాను. 1989లో మన ఉమ్మడి రాష్ట్రంలో అసెంబ్లీకీ లోక్‌సభకూ కలిపి జరిగింది, పోలింగ్ 70 శాతం దాటింది. రెండేళ్ళు తిరక్కుండా 1991లో లోక్‌సభకు మాత్రమే జరిగితే 61 చిల్లరకు పడిపోయింది. తెలంగాణలో 2023 నవంబరులో 71 శాతం వేసిన జనం, ఆరు నెలలు తిరక్కుండా 2024 మేలో 66 శాతం లోపే వేశారు. ఎమ్మెల్యే అభ్యర్థికి ఊరూరా మనిషి ఉంటాడు, వాళ్ళ బతుకుతెరువు ఆయనతో ముడిపడి ఉంటుంది. ఎంపీ అభ్యర్థికి ఏడు అసెంబ్లీలు. మల్కాజిగిరిలో అయితే 37 లక్షల పైచిలుకు ఓటర్లు, దేశంలోనే పెద్ద నియోజకవర్గం. ఏ అభ్యర్థి ఎన్ని గడపలు తొక్కగలడు? అక్కడ 50 శాతం దగ్గర ఆగిందంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. అదే రాష్ట్రంలో, అదే రోజు, పల్లెలు ఎక్కువున్న భువనగిరిలో 76 శాతం దాటింది.

ఇక ఆడవాళ్ళ సంగతి. దేశంలో ఓటింగ్ శాతం పెరగడానికి ఇంతకన్నా పెద్ద కారణం నాకు కనబడదు. 1951-52లో మొదటి ఎన్నికలకు జాబితా రాసేటప్పుడు ఉత్తరాదిలో చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు, ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని రాయించుకున్నారు. సొంత పేరు లేకపోతే కుదరదని దాదాపు 28 లక్షల మందిని జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. 1962లో మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ మధ్య తేడా 15 శాతం పైగా ఉండేది. 2019లో ఆడవాళ్ళు మగవాళ్ళను దాటారు. 2024లో కూడా 65.78తో ఒక మెట్టు పైనే ఉన్నారు. నేను మొదట డ్యూటీ చేసినప్పుడు ఆడవాళ్ళు ఇంటి మగవాడి వెనక వచ్చేవాళ్ళు. ఓటరు చీటీ ఆయన చేతిలోనే ఉండేది. తర్వాత తర్వాత డ్వాక్రా సంఘాలు వచ్చాక పదిమంది కలిసి పనులు ముగించుకుని ఒకే గుంపుగా రావడం మొదలైంది. చీటీ వాళ్ళ చేతిలోనే. ఒకసారి ఒకామె భర్త వెనక నుంచి ఏదో చెప్పబోతే "నువ్వుండు, నాకు తెలుసు" అంది. మా పోలింగ్ సిబ్బందిలో ఇద్దరు ఆడ టీచర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. 1989లో ఆ మాట నేను ఒక్క బూత్‌లోనూ వినలేదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళ గురించి కూడా ఒక మాట. పాస్‌పోర్టు భారతదేశానిదే అయితే పేరు నమోదు చేసుకోవచ్చు, కానీ వచ్చి బూత్‌లో నిలబడితేనే ఓటు. 2024లో దేశం మొత్తం మీద నమోదైన ప్రవాస ఓటర్లు 1.19 లక్షల మంది. వచ్చి వేసింది మూడు వేల లోపు, అందులోనూ ఎక్కువమంది కేరళవాళ్ళే. డాలస్ నుంచి, దుబాయ్ నుంచి ఊళ్ళో రాజకీయాన్ని గంటగంటకూ ఫోన్లో నడిపే మనవాళ్ళ ఓట్లు లెక్కలో కనబడవు. ఊళ్ళో ఉన్న బంధువులకు చేసే ఫోన్లు మాత్రం చాలా ఓట్లను కదిలిస్తాయి.

టీవీల్లో ప్రతిసారీ వినబడే మాట ఒకటుంది: పోలింగ్ పెరిగితే ప్రభుత్వం పడిపోతుందని. దీన్ని నమ్మకండి. 2009లో 58 శాతం ఉన్నది 2014లో 66 దాటింది, కేంద్రంలో ప్రభుత్వం మారింది. 2019లో ఇంకా పెరిగి 67.4 అయింది, ఉన్న ప్రభుత్వమే ఇంకా ఎక్కువ సీట్లతో వచ్చింది. 2024లో కాస్త తగ్గి 66 దగ్గర ఆగింది, ప్రభుత్వం నిలబడింది గానీ బలం తగ్గింది. ఈ మూడింటిలో సూత్రమేదీ లేదు. జనం కోపంతోనూ వస్తారు, ఇష్టంతోనూ వస్తారు. శాతాన్ని చూసి ఏది ఎక్కువో చెప్పలేం.

రెండో ప్రశ్నకు వస్తాను.

ఓటరు మనసులో ఒక్కో ఎన్నికకు ఒక్కో ప్రశ్న ఉంటుంది. ఏ ప్రశ్న ఉంది అన్నదాన్ని బట్టి అదే మనిషి వేరే పార్టీకి వేస్తాడు. దీన్ని తెలంగాణ చూపించినంత బాగా ఇంకే రాష్ట్రమూ చూపించలేదేమో. 2018 డిసెంబరులో టీఆర్‌ఎస్‌కు 119లో 88 సీట్లు వచ్చాయి, బీజేపీకి ఒక్కటి. నాలుగు నెలలకు లోక్‌సభ ఎన్నిక వస్తే బీజేపీ నాలుగు ఎంపీ స్థానాలు గెలిచింది. మళ్ళీ 2023 నవంబరులో, పేరు మార్చుకుని బీఆర్‌ఎస్ అయిన ఆ టీఆర్‌ఎస్‌కు 37 శాతం ఓట్లు, బీజేపీకి 14 శాతం. 2024 మేలో బీజేపీ 35 శాతానికి వెళ్ళింది, బీఆర్‌ఎస్ 17 శాతం లోపుకు పడి ఒక్క సీటూ గెలవలేదు. ఆరు నెలల్లో అంతమంది మనసు మార్చుకున్నారంటే నేను ఒప్పుకోను. "రాష్ట్రాన్ని ఎవరు నడపాలి" అన్న ప్రశ్నకు ఒక జవాబు, "ఢిల్లీలో ఎవరు కూర్చోవాలి" అన్నదానికి ఇంకో జవాబు. రెండో ప్రశ్నలో బీఆర్‌ఎస్ పేరు చాలామందికి తట్టలేదు. ఒడిశాలో 2019లో ఒకే రోజు, ఒకే బూత్‌లో, రెండు మెషీన్ల మీద ఈ తేడా చూపించారు. అసెంబ్లీలో అక్కడి ప్రాంతీయ పార్టీ బీజేడీకి 112 సీట్లు ఇచ్చి, లోక్‌సభకు 21లో ఎనిమిది బీజేపీకి ఇచ్చారు. వేలిముద్ర వేసే ఓటరుకు ఇవన్నీ ఏం తెలుసని అనేవాళ్ళు ఈ లెక్కలు ఒకసారి చూడాలి.

తెలుగునాట ఇది పాత అలవాటే. 1977లో ఉత్తరాది మొత్తం ఇందిరాగాంధీని ఓడిస్తే, మన దగ్గర 42లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా నుంచి గెలిచారు. ఎమర్జెన్సీ బాధ ఉత్తరాదిలో ఉన్నంతగా ఇక్కడి పల్లెలకు తగల్లేదు. 1984లో ఇందిరాగాంధీ హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తే, ఇక్కడ తెలుగుదేశం 30 స్థానాలు గెలిచి లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షమైంది. అదే ఏడు ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని పడగొట్టిన కోపం ఇంకా చల్లారలేదు. దేశమంతా సానుభూతి గురించి మాట్లాడుతుంటే మనవాళ్ళు వేరే ప్రశ్నకు జవాబిచ్చారు.

కొన్నిసార్లు ఆ ప్రశ్న ఒక్క పంట కావచ్చు. 2019లో నిజామాబాద్‌లో పసుపు బోర్డు కోసం, ఎర్రజొన్న ధర కోసం 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేశారు. బరిలో నిలిచింది 185 మంది. ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు (అభ్యర్థుల పేర్లు, బటన్లు ఉండే పెట్టెలు) పెట్టాల్సి వచ్చింది. నాలాంటి పోలింగ్ సిబ్బందికి అది ఎంత పనో తెలుసు. అప్పటి సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. 2025 జనవరిలో ఆ బోర్డు నిజామాబాద్‌లోనే మొదలైంది.

పథకాల గురించి. డబ్బు చేతిలో పెడితే ఓటు పడుతుందన్నది సగమే నిజం. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం ప్రభుత్వం పసుపు-కుంకుమ పేరుతో డ్వాక్రా మహిళలకు పదేసి వేలు ఇచ్చింది, 23 సీట్లకు పడిపోయింది. తర్వాతి వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం ఐదేళ్ళు నెలనెలా బటన్ నొక్కి ఖాతాల్లో వేసింది, 151 నుంచి 11కి పడింది. అలాగని పథకాలు పనిచేయలేదనీ అనలేం. 11 సీట్లు వచ్చిన ఆ పార్టీకి 39 శాతం ఓట్లు పడ్డాయి. అందులో పథకాల వాటా ఎంతో కొంత ఉండే ఉంటుంది.

నేను గమనించింది ఏమిటంటే, చేతికి వచ్చేసినది కొన్నాళ్ళకు హక్కు అవుతుంది, దానికి కృతజ్ఞత నిలవదు. రాబోయేది లెక్కలోకి వస్తుంది. పింఛను మూడు వేలు అందుకుంటున్న పెద్దవాళ్ళకు నాలుగు వేలు ఇస్తాం, ఏప్రిల్ నుంచి బాకీ కలిపి జూలైలో ఏడు వేలు ఇస్తాం అని 2024లో తెలుగుదేశం కూటమి అన్న మాట ఎంత స్పష్టంగా వెళ్ళిందంటే, ఫారాలు నింపించుకోవడానికి నా దగ్గరకు వచ్చే ముసలివాళ్ళు కూడా ఆ కూడిక చెప్పేవాళ్ళు. అంతకన్నా బలమైనది ఉన్నది పోతుందేమోనన్న భయం. ఆ ఎన్నికలో ల్యాండ్ టైట్లింగ్ (భూమి హక్కుల) చట్టం గురించి, పాసుపుస్తకం మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ గురించి రచ్చబండ మీద జరిగిన చర్చ నాకు బాగా గుర్తు. చట్టంలో ఏముందో చదివినవాళ్ళు తక్కువ. తాత ఇచ్చిన ఎకరం కాగితం మీద వేరేవాళ్ళ బొమ్మ ఏమిటన్న మాట మాత్రం ప్రతి రైతుకూ తగిలింది. కొత్త ప్రభుత్వం వచ్చీ రాగానే ఆ చట్టాన్ని రద్దు చేసింది.

కులం గురించి దాచకుండా మాట్లాడుకుందాం. ఉంది. టికెట్ ఇచ్చేటప్పుడే ఉంది, ఊళ్ళో ఏ వీధికి ఎవరు ప్రచారానికి వెళ్ళాలో నిర్ణయించేటప్పుడూ ఉంది. కానీ ఒక కులం మొత్తం మూటగట్టి ఒకే పార్టీకి వేస్తుందన్న లెక్క కాగితం మీద ఉన్నంత గట్టిగా బూత్‌లో ఉండదు. 2019లో తెలుగుదేశానికి 39 శాతం, జనసేనకు ఐదున్నర శాతం వచ్చాయి. వైఎస్సార్‌సీపీకి 50 దాకా. మొదటి రెండూ కలిపినా 50 కాలేదు. పొత్తు పెట్టుకుంటే చాలు గెలుస్తారన్నది కూడికల లెక్క. 2024లో వైఎస్సార్‌సీపీ నుంచి పది శాతం పైగా జారిపోయింది. అది అన్ని కులాల నుంచీ కదిలితేనే సాధ్యం. తెలుగుదేశం, జనసేన, బీజేపీ పొత్తు వల్ల జరిగింది ఏమిటంటే, కదిలిన ఓటు రెండు మూడు చోట్లకు చీలకుండా ఒకేచోట పడింది. మన పద్ధతిలో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళే గెలుపు కాబట్టి, చీలిక లేకపోతే చిన్న కదలికకే సీట్లు కుప్పలుగా మారతాయి. ఇదే సంగతి దేశం మొత్తం మీదా చూడండి: 2019 నుంచి 2024కి బీజేపీ ఓట్ల శాతం ఒక్క శాతం కూడా తగ్గలేదు, సీట్లు మాత్రం 303 నుంచి 240కి దిగాయి.

నోట్ల సంగతి చెప్పాలంటే బాధగా ఉంటుంది. 2019లో తమిళనాడులోని వెల్లూరులో డబ్బు బయటపడి లోక్‌సభ ఎన్నికనే రద్దు చేశారు. మన రెండు రాష్ట్రాలూ ఇందులో ఎవరికీ తీసిపోవు. నాకు తెలిసిన మేరకు డబ్బు ఎవరికి వేయాలో నిర్ణయించడం కన్నా ఇంట్లోంచి కదలాలా వద్దా అన్నది ఎక్కువ నిర్ణయిస్తుంది. రెండు పార్టీలూ ఇస్తాయి, రెండూ తీసుకుంటారు, వేయాలనుకున్నవాళ్ళకే వేస్తారు. ఇవ్వకపోతే మాత్రం ముప్పే. పక్క వీధికి అంది మా వీధికి అందలేదంటే అది అవమానం కింద లెక్క. మమ్మల్ని మనుషుల్లో లెక్కపెట్టలేదని ఒకామె నాతోనే అంది. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో, గెలిచాక ఎలా రాబట్టుకుంటారో తెలిసి కూడా ఆమెకు జవాబు చెప్పలేకపోయాను. నలభై ఏళ్ళు పిల్లలకు పౌరశాస్త్రం చెప్పినవాణ్ణి, ఆ రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ధరలు, ఉద్యోగాలు ఎప్పుడూ ఉంటాయి. 2024 ఎన్నికల ముందు లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ సర్వేలో పెద్ద సమస్య ఏదని అడిగితే 27 శాతం నిరుద్యోగం అన్నారు, 23 శాతం ధరలు అన్నారు, అయోధ్య గుడి అన్నవాళ్ళు 8 శాతం. అయినా కేంద్రంలో అదే కూటమి వచ్చింది. సమస్య ఇదీ అని చెప్పడం వేరు, దాన్ని ఎదుటివాళ్ళు తీరుస్తారని నమ్మడం వేరు. నమ్మకం కుదరకపోతే గొణుక్కుంటూ ఉన్నవాళ్ళకే వేస్తారు, లేదా ఇంట్లో కూర్చుంటారు. అలా ఇంట్లో కూర్చోవడం కూడా ఒక రకం జవాబే. దాన్ని లెక్కించే మెషీన్ లేదు.

చివరగా మీరు అడిగిన సొంత విషయం. సొంతూళ్ళో ఒక ఓటు, గచ్చిబౌలిలో ఒక ఓటు ఉన్నాయి, ఏది ఉంచుకోవాలి అన్నారు. రెండూ ఉంచుకోకండి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక మనిషి పేరు ఒక్కచోటే ఉండాలి. ఇంకెక్కడా లేదని తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు పడవచ్చు. మామూలుగా ఎక్కడ నివాసం ఉంటున్నారో అక్కడే ఉండాలన్నది నిబంధన. ఆ లెక్కన మీది గచ్చిబౌలే. సొంతూరి బీఎల్‌ఓకు ఫారం 7 ఇచ్చి అక్కడి పేరు తీయించండి. రేపు మళ్ళీ ఇల్లు మారితే కొత్త ఓటరు నమోదుకు వాడే ఫారం 6 నింపకండి, ఈ రెండేసి పేర్లు పుట్టేది అక్కడే. ఫారం 8 నింపితే పాతచోట తీసి కొత్తచోట వాళ్ళే చేరుస్తారు. ఎన్నికల సంఘం యాప్‌లో పది నిమిషాల పని. మీ తమ్ముడికి పద్దెనిమిది నిండబోతోందన్నారు గదా, ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి ఇప్పుడు: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు. జనవరి దాకా ఆగనక్కర్లేదు. మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మీ బీఎల్‌ఓ నంబరు పెట్టండి. ఆ బీఎల్‌ఓ వచ్చిన రోజు వాచ్‌మన్‌కు చెప్పి ఆమెను పైకి పంపించండి, కాసిని మంచినీళ్ళు ఇవ్వండి. ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు ఆమెకు చెప్పగలిగేది మీరే.